పరదేశమున ఆదివారము

జర్మనీ దేశమున ఆదివారమునాడు అంగడికి పోయి ఉప్పు కొనుట కష్టము. బట్టల దుకాణములు, పుస్తకముల దుకాణములు, సరుకుల కొట్లు, అన్నియు మూసియుండును. రైల్వే స్టేషన్లలోని చిన్న అంగళ్లు, పెట్రోలు బంకులు, ఉదయము కొన్ని గంటలపాటు రొట్టెల దుకాణములు, వంతు ప్రకారము ఊరికి ఒకటి రెండు మందుల షాపులు - తెరచియుండునవి ఇంతమాత్రమే. ఇండ్ల నడుమ పచ్చిక కోయు యంత్రమును ఆనాడు నడపరాదు. గోడకు మేకు కొట్టినచో పొరుగువాడు వచ్చి తలుపు తట్టును. ఏడున్నర టన్నులకు మించిన లారీలు రాత్రి పది గంటలవరకు రోడ్డెక్కరాదు. మన దేశమునుండి చదువుకొనబోయిన విద్యార్థికి అచ్చట ఎదురగు వింతలలో మంచు మొదటిదని అందరును తలంతురు. మా అనుభవమున మొదటిది ఆదివారము.

ఈ కట్టుబాటు నిన్న మొన్నటిది కాదు. రోము చక్రవర్తి కాన్‌స్టంటైన్ క్రీ. శ. 321లో ఆదివారమును విశ్రాంతిదినముగ శాసించెను. పొలము పనివారికి మాత్రము మినహాయింపు నిచ్చెను. 1919లో వైమార్ నగరమున రచింపబడిన జర్మను రాజ్యాంగము తన 139వ అధికరణమున ఆదివారమునకును పండుగ దినములకును చట్టరక్షణ నొసగినది. రెండవ ప్రపంచ యుద్ధానంతరము 1949లో కొత్త రాజ్యాంగమును వ్రాసినవారు 140వ అధికరణము ద్వారా దానిని అట్లే నిలుపుకొనిరి. దుకాణముల వేళలను నిర్ణయించు అధికారము 2006లో రాష్ట్రములకు సంక్రమించిన పిదప పనిదినముల వేళలు చాలవరకు సడలినవి గాని, ఏడాదిలో వ్రేళ్లపై లెక్కింపదగిన కొన్ని దినములు తప్ప, ఆదివారము సడలలేదు. చర్చికి పోవువారు తగ్గిపోయిన ఈ కాలమునందును ఇది నిలుచుటకు ముఖ్యకారణము కార్మిక సంఘములు. ఈ ఒక్క విషయమున అవి చర్చిలతో చేతులు కలిపినవి. అంగడిలో పనిచేయు స్త్రీకి కూడ వారమున ఒకనాడు తన బిడ్డలతో కూర్చుండి అన్నము తిను హక్కు కలదని వాటి వాదము. అందు అన్యాయమేమియు లేదు.

ఆ దేశస్థులకు ఈ నిశ్శబ్దము సుఖము. ఆలస్యముగ లేచి ఇంటిల్లిపాదియు కలసి ఫలహారము చేయుదురు. ఎండ ఉన్నను లేకున్నను అడవిలోనికి షికారు పోవుదురు. మధ్యాహ్నము మూడు నాలుగు గంటలకు కాఫీతో కేకు తిందురు. తల్లిని చూచుటకు కొడుకు వచ్చునది, తాతను చూచుటకు మనుమరాలు వచ్చునది సాధారణముగ ఆనాడే. అనగా ఆదివారము కుటుంబము దగ్గరనున్నవారికై ఏర్పడిన దినము. కుటుంబమును ఏడువేల కిలోమీటర్ల దూరమున వదలి వచ్చినవాడు ఆ దినమున ఏమి చేయవలెనో ఏ అధికరణమునందును వ్రాసి లేదు.

మేము చదువుకొన్న జీగెన్ పట్టణము కొండల నడుమ నున్నది. సుప్రసిద్ధ చిత్రకారుడు రూబెన్స్ 1577లో జన్మించిన ఊరది. జనసంఖ్య లక్షకు కొంచెము అటు ఇటు. అచ్చటి విశ్వవిద్యాలయమున చదువువారిలో చాలమంది చుట్టుపట్ల ఊళ్లవారు. శుక్రవారము తరగతి ముగియుటే తడవుగ మాసిన బట్టలు సంచిలో కుక్కుకొని ఇండ్లకు పోవుదురు. చీకటి పడునప్పటికి వసతిగృహము సగమునకు పైగా ఖాళీ యగును. ఉమ్మడి వంటగదిలో విదేశీయులము ముగ్గురు నలుగురము మిగులుదుము. ఒకరి వంట వాసన మరియొకరికి తెలియును గాని ఒకరి భాష మరియొకరికి తెలియదు.

దీనికి తోడు కాలము కూడ పగబట్టును. కొత్త విద్యార్థులు దిగునది సెప్టెంబరు, అక్టోబరు మాసములలో. అక్టోబరు చివరి ఆదివారమున గడియారములను ఒక గంట వెనుకకు త్రిప్పుదురు. దానితో మన దేశమునకును వారి దేశమునకును నడుమ నున్న మూడున్నర గంటల వ్యత్యాసము నాలుగున్నర గంట లగును. నవంబరు వచ్చునప్పటికి సాయంకాలము ఐదు గంటలకే చీకటి. ఆరు గంటలకు మనసు దిగులుపడి ఇంటికి ఫోను చేయుదమన్నచో ఇచ్చట రాత్రి పదిన్నర. తల్లి నిద్రించుచుండును, లేపినచో "ఏమైంది నాయనా?" అని ఉలికిపడి లేచును. ఈ లెక్క అచ్చట చదువు తెలుగు విద్యార్థు లందరికిని కంఠస్థము. లెక్క వచ్చును గనుకనే చాలమంది ఫోను చేయరు.

కావున ఆ దేశమున స్నేహితుని ఇంటికి శని ఆదివారములలో పోవుట వినోదయాత్ర మాత్రమే కాదు. అది ఒక అవసరము. దీనికి ధనము విషయమున అడ్డంకులు కలవు. వీసాకొరకు విద్యార్థి ముందుగనే బ్యాంకులో కట్టి చూపవలసిన సొమ్ము 2024 సెప్టెంబరు నుండి ఏడాదికి 11,904 యూరోలుగ నిర్ణయింపబడినది. అందుండి నెలకు 992 యూరోలు మాత్రమే చేతికి వచ్చును. అద్దె, ఆరోగ్యబీమా, భోజనము పోగా మిగులు దానితో వేగముగ పోవు రైలెక్కుట దుస్సాహసము. అయితే 2024 వేసవి అర్ధసంవత్సరమునుండి చాల విశ్వవిద్యాలయములలో విద్యార్థులకు ఫీజుతోపాటే ఒక టిక్కెట్టు లభించుచున్నది. అది దేశమంతటను బస్సులలో, ట్రాములలో, ఊరూర ఆగిపోవు రైళ్లలో చెల్లును. తొలుత దాని వెల నెలకు 29 యూరోల 40 సెంట్లు, 2025లో పెరిగినది. వేగపు రైళ్లలో మాత్రము చెల్లదు. ఓపిక యున్న విద్యార్థి దానితో సముద్రతీరమునుండి ఆల్ప్స్ పర్వతములవరకు పోవచ్చును.

2024 నవంబరు మాసమున ఒక శుక్రవారము రాత్రి ఆఖెన్ నగరమునుండి మా మిత్రుడు ఫోను చేసెను. తెనాలి దగ్గర పల్లెవాడు. ఇంజనీరింగు కళాశాలలో నాలుగేండ్లు మాతో కలసి చదివినవాడు. "ఏరా, రేపు రాకూడదూ? బియ్యం, పప్పు ఉన్నాయి. నువ్వొస్తే చాలు" అనెను. ఆ దేశమున ఒకరి ఇంటికి పోవలెనన్న పదునైదు దినములకు ముందే తేదీ నిశ్చయించుకొందురు. రేపు రమ్మని నేడు పిలుచుట మనకే చెల్లినది. మరునాటి ఉదయము ఒక గోంగూర పచ్చడి సీసా సంచిలో వేసికొని బయలుదేరితిమి.

జీగెన్ నుండి కొలోన్ మీదుగా ఆఖెన్ కు నేరుగ పోవు రైలు కలదు. రెండున్నర, మూడు గంటల ప్రయాణము. మొదటి గంట జీగ్ నది వెంబడి సాగును. నది మెలికలు తిరిగిన కొలదియు రైలు దానిని అటు ఇటు దాటుచు పోవుచుండును. కొలోన్ వద్ద రైను నదిపై హోహెన్‌త్సొలెర్న్ వంతెన. దాని కమ్మీలకు ప్రేమికులు వేసిపోయిన తాళములు లెక్కకు మిక్కిలి. వంతెన దిగగానే ప్రసిద్ధమైన పెద్ద చర్చి జంటశిఖరములు. 1248లో మొదలుపెట్టి 1880లో ముగించిన కట్టడము, 157 మీటర్ల ఎత్తు. స్టేషను ప్రక్కనే ఉండుటచే దానిని చూచుటకు రైలు దిగనక్కరలేదని మావంటి లోభులు చెప్పుకొందురు.

ఆఖెన్ దేశమునకు పడమటి కొసన నున్నది. హాలెండు, బెల్జియము దేశముల సరిహద్దులు నగరపు పొలిమేరను తాకియున్నవి. అచ్చటి వేడినీటి ఊటలను చూచి రోమనులు స్నానశాలలు కట్టిరి. పిమ్మట షార్లమేన్ చక్రవర్తి అచ్చట రాజప్రాసాదమును నిర్మించెను. 814లో ఆయనను ఖననము చేసిన ఎనిమిది మూలల ప్రార్థనాలయము నేటికిని చెక్కుచెదరక నిలిచియున్నది. యునెస్కో 1978లో ప్రకటించిన మొట్టమొదటి ప్రపంచ వారసత్వ పట్టికలో అదియు ఒకటి. ఊరి నడుమ ఊటనీరు పారు చోట గంధకపు వాసన గుప్పుమనును. ఈ విశేషములు యాత్రికుల పుస్తకములలో విపులముగ నున్నవి గనుక మేము మిత్రుని వద్దకు పోదుము.

మిత్రుడు స్టేషనునందే నిలిచియుండెను. చేత రెండు సంచులు. ఒకదాని నిండ ఖాళీ సీసాలు. ఆ దేశమున నీళ్లు, పానీయములు అమ్ము ప్లాస్టిక్ సీసాకు కొన్నప్పుడే 25 సెంట్లు అదనముగ పుచ్చుకొందురు. ఖాళీ సీసా తెచ్చి అంగడిలోని యంత్రమున వేసినచో ఆ సొమ్ము చీటీరూపమున తిరిగి వచ్చును. విద్యార్థుల గదులలో మూలనున్న సీసాల గుట్ట ఒక చిన్న పొదుపు ఖాతా. ఆనాడు 16 సీసాలకు నాలుగు యూరోలు వచ్చినవి. దానితో ఉల్లిపాయలు, టమాటాలు, పది కోడిగ్రుడ్లు కొంటిమి. శనివారము సాయంకాలము అంగళ్లు కిటకిటలాడుచుండును; మరునాడు బందు గనుక ఊరందరును రెండు దినములకు కావలసినది ఒక్క పూటలో కొందురు.

మిత్రుని గది పదునాలుగు చదరపు మీటర్లు. మంచము, బల్ల, కిటికీ. వంటగది ఎనిమిదిమందికి ఉమ్మడి. అందు తాలింపు వేయుట ఒక శాస్త్రము. పడకగదులలో పొగను కనిపెట్టు యంత్రము ఉండి తీరవలెనని అచ్చటి చట్టము. చాల వసతిగృహములలో నడవలయందును ఉండును. ఎండుమిరపకాయ కొంచెము మాడినచో అది కూతపెట్టి భవనమును మేల్కొల్పును. కొన్నిచోట్ల ఆ కూత నేరుగ అగ్నిమాపక దళమునకు చేరును. ఊరకే వచ్చిన బండి ఖర్చు విద్యార్థి నెత్తిన పడుటయు కలదు. కావున మనవారు గది తలుపు బిగించి, వంటగది కిటికీ తెరచి, ఆవాలు చిటపటలాడుటకు ముందే మూతపెట్టి, ఆ మూత చాటుననే మిరపకాయ వేయుదురు. అమ్మలు చూచినచో నవ్వుదురు గాని రుచికి లోటు రాదు. పప్పుచారు, కోడిగ్రుడ్డు పులుసు సిద్ధమగునప్పటికి వాసన పట్టి మరి యిద్దరు తెలుగు పిల్లలు వచ్చిరి. రాత్రి పది దాటిన పిదప గొంతు తగ్గింపవలెనను నియమము వలన గుసగుసలతోనే సినిమాలు, క్రికెట్టు, ఇంటివద్ద పెండ్లిండ్లు, అన్నియు మాటలాడుకొంటిమి. మిత్రుడు తన చదువును గూర్చి మాత్రము ఒక్క మాట అనలేదు. అడిగినచో "నడుస్తోందిరా" అని వడ్డనలో పడెను.

మరునాడు చూచినచో పెరుగు లేదు. రాత్రి వచ్చిన పిల్లలు డబ్బా ఊడ్చిపెట్టి పోయిరి. పెరుగన్నము లేనిదే మన భోజనము ముగిసినట్లు కాదు, అంగళ్లా మూసియున్నవి. "పద, పక్క దేశంలో కొనుక్కొద్దాం" అని మిత్రుడు లేచెను. పరిహాసము కాదు. ఆఖెన్ నుండి సిటీబస్సు ఎక్కినచో కొంతసేపటికి హాలెండులోని ఫాల్స్ అను చిన్న ఊరు వచ్చును. ఆ దేశమున 2013లో చట్టమును మార్చి ఆదివారపు వ్యాపారమును పురపాలక సంఘముల ఇష్టమునకు విడిచిరి. సరిహద్దు ఊరు గనుక ఫాల్స్ లో కొట్లు తెరచియుండును. జర్మనులు కూడ ఆదివారమునాడు అచ్చటికి పోయి కొనుక్కొందురు. రాజ్యాంగము కాపాడు నిశ్శబ్దమును ఒక బస్సు టిక్కెట్టుతో దాటవచ్చునన్నమాట.

పెరుగుకొరకు పోయినను పాసుపోర్టు వెంట నుండవలెను. 1985 జూన్ 14న లక్సెంబర్గు దేశములోని షెంగెన్ గ్రామమువద్ద ఐదు దేశములు తమ నడుమ సరిహద్దు తనిఖీలు తొలగించుటకు ఒడంబడిక చేసికొన్నవి. అది అమలులోనికి వచ్చినది 1995 మార్చి 26న. అప్పటికి దేశములు ఏడు. ఒక సభ్యదేశపు నివాసానుమతి గల విదేశీ విద్యార్థి ఇతర సభ్యదేశములలో 180 దినములకు 90 దినములు మించక సంచరింపవచ్చును. అయితే 2024 సెప్టెంబరు 16 నుండి జర్మనీ తన భూసరిహద్దు లన్నిటను తాత్కాలిక తనిఖీలు మొదలుపెట్టెను. తిరుగు బస్సును ఆపి పోలీసులు ఎక్కవచ్చును. పాసుపోర్టు, నివాసానుమతి కార్డు రెండును చూపగలిగినచో చిక్కు లేదు. ఆనాడు మమ్ము ఎవ్వరును ఆపలేదు.

ఫాల్స్ లో పెరుగు డబ్బా కొని, తొందర లేదు గనుక ఊరి వెనుకనున్న గుట్ట ఎక్కితిమి. అది 322 మీటర్ల గుట్ట. ఐరోపాలోని హాలెండు భూభాగమున అంతకంటె ఎత్తైన చోటు లేదు. పైన ఒక రాతి దిమ్మ. అచ్చట హాలెండు, బెల్జియము, జర్మనీ కలియును. ఒకప్పుడు నాలుగవ సరిహద్దు కూడ అచ్చట కలిసెడిది. నెపోలియను పతనానంతరము సమీపమునందలి తుత్తునాగపు గనికొరకు రెండు రాజ్యములు పంతము పట్టగా, చివరకు ఎవ్వరికిని చెందకుండునట్లు మోరెస్‌నెట్ అను ముక్కను విడిగ వదలిరి. ఒక్క గనికొరకు నూరేండ్లకు పైగా నిలిచిన ఆ ముక్క మొదటి ప్రపంచ యుద్ధానంతరము బెల్జియములో కలిసిపోయెను.

గుట్ట దిగుచు అడవిదారిని పోవుచుండగా మిత్రుడు నోరు విప్పెను. "నాకింక ఒక్క ఛాన్సే ఉందిరా."

విషయము వివరింపవలెను. జర్మను విశ్వవిద్యాలయములలో చాలచోట్ల ఒక్కొక్క పరీక్షకు మూడు ప్రయత్నములు మాత్రమే. మూడవమారు తప్పినచో ఆ చదువు అంతటితో ముగిసినట్లే, పేరు కొట్టివేయుదురు. దేశములోని మరియొక విశ్వవిద్యాలయమున అదే చదువునకు చేరుటకును వీలుండదు. నివాసానుమతి చదువును ఆశ్రయించియుండును గనుక అదియు ప్రమాదమున పడును. మన విశ్వవిద్యాలయములలో తప్పిన పరీక్షను మరల మరల వ్రాయవచ్చును. ఆ అలవాటుతో పోయినవారికి ఈ నియమపు పదును వెంటనే తెలియదు. మిత్రుడు ఒక పరీక్షలో ఫిబ్రవరిలో ఒకమారు, సెప్టెంబరులో ఒకమారు తప్పెను. మూడవది వచ్చు ఫిబ్రవరిలో. తండ్రి పొలము తాకట్టు పెట్టి ఋణము తెచ్చెను. ఫలితము తెలిసి వారములు గడచినను ఇంటివద్ద చెప్పలేదు, రాత్రి వచ్చిన పిల్లలకును చెప్పలేదు. మేము వారమునకు రెండుమార్లు వీడియోలో మాటలాడుకొనుచునే యుంటిమి. వీడియోలో ఎవ్వరును గదిలోని శుభ్రమైన మూలనే చూపుదురు. ప్రక్కప్రక్కన నడచునప్పుడు ముఖము చూడనక్కరలేదు. అందుచే కొన్ని మాటలు నడకలోనే బయటపడును.

ఓదార్పు మాటలు మాకును తోచలేదు. తోచినవి నియమములు. తప్పిన విద్యార్థి తాను వ్రాసిన జవాబులను దిద్దిన పిదప చూచుకొను హక్కు అచ్చట కలదు. దానికి ఒక దినము నిర్ణయింతురు. మిత్రుడు సిగ్గుచే రెండుమార్లును పోలేదు. ఎచ్చట మార్కులు పోయినవో చూడనివాడు మూడవమారు ఏమి చదువును? ఆచార్యులు వారమునకు ఒక గంట విద్యార్థుల కొరకు కేటాయింతురు. ముందు వ్రాసికొనినచో ఎవ్వరైనను పోవచ్చును. గడువు తేదీకి ముందు పరీక్షనుండి పేరు ఉపసంహరించుకొనవచ్చును. అట్లు చేసిన ప్రయత్నము లెక్కకు రాదు. విద్యార్థి సంక్షేమ సంస్థలలో మనోవ్యథను వినుటకు శిక్షణ పొందినవారు కలరు; వారికి రుసుము చెల్లింపనక్కరలేదు, వారు ఎవ్వరికిని చెప్పరు. ఇవన్నియు విశ్వవిద్యాలయపు నోటీసులలో నున్నవే. అయినను ఒంటరివానికి నోటీసులు కనబడవు. మనవారు కొందరు మూడు దినములలో మూడు రాజధానులు చుట్టివచ్చి ఫొటోలు పంపుదురు; వారిని తప్పు పట్టము. అయితే రెండు గంటల దూరమున నున్న తోటివాని వంటగదిలో ఒక రాత్రి గడుపుట అంతకంటె చౌక, అంతకంటె అవసరము అని మా అభిప్రాయము.

తిరుగు బస్సులోనే ఆచార్యునికి లేఖ వ్రాసితిమి. మిత్రుని జర్మను భాషలో మేము దిద్దిన తప్పులు మూడు, మా దిద్దుబాటులో అతడు పట్టిన తప్పు ఒకటి. పరీక్ష పత్రము చూచుటకు అనుమతి, మాటలాడుటకు సమయము, ఇంతే కోరితిమి. వెనుకటి పరీక్షల ప్రశ్నలు విద్యార్థి సంఘమువారి వద్ద దొరకునని మాకు తెలియును. వాటిని తెప్పించి డిసెంబరులో రెండు ఆదివారములు జీగెన్ లో కూర్చుండి చేయుదమని అనుకొంటిమి. గదికి చేరి పెరుగన్నము తినునప్పటికి నాలుగు దాటెను, వెలుగు తగ్గుచుండెను.

ఇక ఇంటివద్ద చెప్పుట. రాత్రి చెప్పినచో వారికి నిద్ర పట్టదని మిత్రుడనెను. కొంతసేపు వ్రేళ్లపై లెక్కించి, సోమవారము ఉదయము ఎనిమిది గంటలకు తెనాలిలో పన్నెండున్నర యగును, నాయన పొలమునుండి భోజనమునకు వచ్చు వేళ, అప్పుడు అమ్మ కూడ ప్రక్కనే యుండునని తానే నిశ్చయించుకొనెను.